సూక్ష్మజీవికి ఒక సర్క్యులర్ పంపవలసిందిగా విన్నపం

మహారాజశ్రీ ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ వారి సముఖమునకు,

చీపురుపల్లి ప్రాంత ప్రజానీకం సవినయంగా విన్నవించుకొనునది.

శాఖవారి వైద్యదానం మీద ఈ ప్రాంతానికి ఫిర్యాదు లేదు. పేదల శస్త్రచికిత్సల ఖర్చును ప్రభుత్వమే భరించే ఆరోగ్యశ్రీ 2007లో తొలుత మొదలైన మూడు జిల్లాలలో పొరుగునున్న శ్రీకాకుళం ఒకటి. 108 అంబులెన్సు అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. 2023లో విజయనగరానికి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా దక్కింది. జబ్బు పడ్డాక ఏం చేయాలో శాఖవారికి తెలుసుననడానికి ఇవి చాలు. జబ్బు పడకుండా చూసే పని ఎవరిదన్నదే ఇంతవరకు తేలలేదు.

2024 అక్టోబరులో చీపురుపల్లి నియోజకవర్గంలోని గుర్ల మండలంలో అతిసారం ప్రబలి ప్రాణాలు తీసినప్పుడు, ఎందరు చనిపోయారన్న దానిమీద కూడా అధికారుల లెక్క ఒకటిగా, ప్రతిపక్షం లెక్క మరొకటిగా నడిచింది. కలుషితమైన తాగునీటి మీదే అందరి అనుమానం నిలవగా, ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్ మంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా గుర్ల వచ్చి చూశారు; ప్రభుత్వం ఐఏఎస్ అధికారి విజయానంద్‌ను విచారణకు నియమించింది.

పాలనా శాస్త్ర దృష్టితో చూస్తే ఇందులో అసలు తప్పు సూక్ష్మజీవిదే. ఊరికి నీరందించేది గ్రామీణ నీటి సరఫరా విభాగం, వీధి కాలువ పంచాయతీది, రోగి మాత్రం ఆరోగ్యశాఖవాడు; ఈ హద్దులేవీ తెలియని సూక్ష్మజీవి కాలువలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి బిందెలోకి, బిందెలోంచి కడుపులోకి ఏ శాఖ అనుమతీ తీసుకోకుండా ప్రయాణించింది. కాబట్టి ప్రతి శాఖ పరిధినీ వివరిస్తూ దానికి ఒక సర్క్యులర్ పంపవలసిందని మొదటి విన్నపం.

సూక్ష్మజీవి ఆ సర్క్యులర్ చదవకపోతే రెండో మార్గం ఒకటుంది, అదీ పాతదే. స్వతంత్రానికి ముందే, 1946లో, జోసెఫ్ భోర్ కమిటీ రోగ నివారణను చికిత్సతో కలిపి ఒకే ప్రాథమిక కేంద్రం చేతిలో పెట్టమన్నది. 1978 ఆల్మా అటా ప్రకటన సురక్షితమైన నీటిని, పారిశుద్ధ్యాన్ని ప్రాథమిక వైద్యంలో భాగంగానే లెక్కించింది. ఆ నీరు సురక్షితమో కాదో తెలుసుకునే దారి కూడా ఉంది. నీటిని శుద్ధి చేయడానికి కలిపిన క్లోరిన్ సూక్ష్మజీవులను చంపగా మిగిలిన భాగాన్ని అవశేష క్లోరిన్ అంటారు. కుళాయి చివర అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది భారత ప్రమాణం. దాన్ని పరీక్షించే క్లోరోస్కోపు చేతిసంచిలో పట్టే చిన్న పరికరం.

ఇంత చిన్న పని రాష్ట్రానికి అసాధ్యమని ఎవరూ అనలేరు. ప్రతి నెలా ఒకటో తేదీన, పొద్దున్నే, గ్రామ సచివాలయ ఉద్యోగి ఇంటి గుమ్మం ముందు నిలబడి అవ్వాతాతలకు నాలుగు వేల రూపాయల పింఛను చేతిలో పెడుతున్నాడు. ఒక్కరోజు ఆలస్యమైతే అమరావతి దాకా జవాబు చెప్పుకోవలసి వస్తుంది. సంక్షేమం అంత ఖచ్చితంగా నడవడానికి కారణం తేదీ ఉండటం, లెక్క ఉండటం, అడిగేవారు ఉండటం. క్లోరిన్‌కు ఆ మూడూ లేవు. అవ్వకు పింఛను అందించి, అదే అవ్వ తాగే బిందెను గాలికి వదిలేస్తే, ఆ డబ్బు ఆసుపత్రి ఆటోలకే సరిపోతుంది.

కావున, ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, పంచాయతీ కార్యదర్శి కలిసి రోజూ కుళాయి చివర నీటిని పరీక్షించి, ఆ అంకెను సచివాలయం గోడమీద రాయాలని, అంకె తక్కువైతే ఏ అధికారి ఎన్ని గంటల్లో సరిచేయాలో అతని హోదాతో సహా దాని పక్కనే రాయాలని, ఇందుకు ఆరోగ్యశాఖ, పంచాయతీరాజ్ శాఖ ఒకే ఉత్తర్వు మీద సంతకాలు చేయాలని ప్రార్థన. మరో మరణం తరువాత మరో విచారణ వేయడం కన్నా ఇది చౌక, ఇదే న్యాయం.

ఇట్లు,
చీపురుపల్లి ప్రాంతపు నీళ్లు తాగే ప్రజలు