ర్యామ్‌బాణం

పాత కంప్యూటర్ ఏ రోగంతో మూలిగినా బజార్లో ఒకటే మందు: "ర్యామ్ వేయించండి సార్!" తెర వెలగడానికి అయిదు నిమిషాలా? ర్యామ్. వైరస్ పట్టిందా? ర్యామ్. ఫ్యాన్‌లో దుమ్ము గడ్డకట్టిందా? దానికీ ర్యామే, పైన దేవుడి దయ.

మందులో మహిమ లేదనడం పాపం. మెమరీ నిండిపోతే కంప్యూటర్ పట్టని సరుకును హార్డ్‌డిస్క్‌లోకి తోసి, కావలసినప్పుడల్లా తవ్వి తెచ్చుకుంటుంది. ర్యామ్‌లోంచి తేవడానికి సెకనులో సుమారు కోటో వంతు చాలు. తిరిగే డిస్క్‌లోంచి తేవాలంటే దాదాపు నూరో వంతు. లక్ష రెట్ల తేడా! అలాంటి పెట్టెకు ర్యామ్ సంజీవనే. నిండని మెమరీకి ఇంకొంత తగిలిస్తే మాత్రం పెరిగేది బిల్లొక్కటే. 32 బిట్ విండోస్ 7 ఉన్న పెట్టెలో 8 జీబీ దిగ్గొట్టినా అది వాడుకోగలిగేది 4 జీబీ లోపే. మిగిలింది నగ. టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ నిండిందో లేదో అర నిమిషంలో తేలిపోతుంది. కానీ చూడమని చెప్పేవాడికి కమీషన్ ఎవరిస్తారు?

ఒక్కోసారి మందే వికటిస్తుంది. 1997 నాటి ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ 256 ఎంబీ దాకా మింగేది; దాని క్యాష్ (పనిని వేగంగా అందించే చిన్న మెమరీ) మాత్రం మొదటి 64 ఎంబీనే పట్టించుకునేది. ఆనాటి విండోస్ ఏమో మెమరీని పైకొస నుంచి వాడుకుంటూ వచ్చేది. డబ్బు పోసి మెమరీ పెంచినవాడికి దక్కింది నత్తనడక! విండోస్ 98కి 512 ఎంబీ దాటించి పెడితే, అది కొన్నిసార్లు ‘మెమరీ చాలడం లేదు’ అని మొరపెట్టుకునేది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

వీటన్నిటినీ తలదన్నింది 1995లో వచ్చిన సాఫ్ట్‌ర్యామ్95. చిప్పు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌తోనే మెమరీ రెట్టింపు అన్నారు. లక్షల కొద్దీ అమ్మారు. విప్పి చూస్తే రెట్టింపూ లేదు, పాడూ లేదు. 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని అమ్మిన కంపెనీ చెవి మెలేసింది. పాపం, సాఫ్ట్‌ర్యామ్ తొందరపడి పుట్టింది! ఇప్పుడైతే ఫోన్ డబ్బా మీద ‘8+8, మొత్తం 16 జీబీ’ అని దర్జాగా అచ్చేసుకునేది. రెండో 8 స్టోరేజీ దగ్గర చేసిన చేబదులేనన్న నిజానికి డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాలు చాలు.

విండోస్ 95కి కనీసం 4 ఎంబీ చాలన్నారు. 2021లో విండోస్ 11కి కనీసం 4 జీబీ కావాలన్నారు. ఆకలి వెయ్యి రెట్లు పెరిగింది. మనం టైపు చేసే సెలవుచీటీ మాత్రం ఆ నాలుగు వాక్యాలే. ఈ తిండిపోతు ప్రోగ్రాములకు లంఖణం పరమౌషధమని చెప్పే వైద్యుడే లేడు. అజీర్తి వాటిది, మందులచీటీ మన పేరు మీద.