పట్టకారుకు తుప్పు

రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. పీవీసీ బరువులో నూటికి 57 పాళ్లు క్లోరినేనని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! ఎర్రగా కాల్చిన రాగితీగను పీవీసీకి తాకించి మళ్లీ మంటలో పెడితే ఆకుపచ్చ జ్వాల వస్తుందని, అది బైల్‌స్టైన్ పరీక్ష అని పిల్లలచేత వల్లె వేయించాను. కాబట్టి తెలియక చేశాననడానికి నాకు నోరు లేదు.

బోరు వేసినప్పుడు మిగిలిన పైపు ముక్కలు డాబా మీద పడున్నాయి. 2022లో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు పీవీసీ లోంచి క్లోరిన్‌ను కరెంటుతో ఊడదీసి, వేరే రసాయనాలకు తగిలించారని చదివాను. మెత్తదనం కోసం అందులో కలిపే ప్లాస్టిసైజరే ఎలక్ట్రాన్లను మోసిందట. వాళ్లు అంత చేస్తే నేనో పూలకుండీ చెయ్యలేనా అనిపించింది.

మా ఆవిడ గుడికెళ్లింది. ఇనప పట్టకారుతో పైపు ముక్క పట్టుకుని గ్యాస్ మంట మీద తిప్పాను. మెత్తబడింది. భుజాలు చరుచుకునేంతలో అంచు గోధుమరంగుకి తిరిగి, నల్లబడి బుడగలు లేచాయి. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. ఆపానా? కిటికీ తీసి రెండో ముక్క అందుకున్నాను.

వచ్చింది హైడ్రోజన్ క్లోరైడ్. తేమ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మర్నాడు పొద్దున పట్టకారు, పొయ్యి మీది స్టాండు, కిటికీ జాలీ అన్నీ ఎర్రగా తుప్పు. "ఏం వండారు?" అంది మా ఆవిడ. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు కూడా పుట్టొచ్చన్న సంగతి మాత్రం ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు మసిబారిన ముక్క చూసి నవ్వాడు. "మరిగే నీళ్లల్లో ముంచితే వంగేదిగా సార్!"

అంతే మరి. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. నీళ్లు ఎంత మరిగినా 100 దాటవు, అంచేత మాడే ప్రసక్తే లేదు. ఇదీ నేను చెప్పిన పాఠమే. అతను బకెట్లో ముంచి, గోనెపట్టాతో పట్టుకుని, నిమిషంలో వంచేశాడు. ఇప్పుడందులో మనీప్లాంట్ ఉంది.

మా ఆవిడ కొత్త పట్టకారు కొనుక్కుంది. పాతది పారెయ్యలేదు. నా బల్ల మీద, కెమిస్ట్రీ పుస్తకాల పక్కన పెట్టింది.