స్లిట్ ల్యాంప్ ఆత్మకథ

గడ్డాన్ని పలకపై మోపి, నుదుటిని పట్టీకి ఆనించి కూర్చున్న రోగి కంటిపైకి సన్నని వెలుగును పంపి, ఆ వెలుగు పడిన చోటును వైద్యుడికి పెద్దదిగా చూపే యంత్రం స్లిట్ ల్యాంప్. తన కథను తానే చెప్పుకుంటున్నప్పటికీ శాస్త్రగ్రంథాల మర్యాదను అనుసరించి తనను ప్రథమ పురుషలోనే పేర్కొంటున్న ఈ యంత్రం, కార్నియాకూ కంటి ఉపరితలానికీ వచ్చే వ్యాధుల నిర్ణయంలో తన పని ఎంతవరకో, అది ఎక్కడ ముగుస్తుందో తెలియజేయడమే ఈ కథకు ప్రయోజనమని భావిస్తుంది.

దీని పుట్టుకకు కారకుడు స్వీడన్ నేత్రవైద్యుడు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్. కంటిలో కాంతి వంగే తీరుపై చేసిన పరిశోధనలకు 1911లో నోబెల్ బహుమతి పొందిన ఆయన, అదే ఏడాది జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో, దీపపు కాంతిని సన్నని చీలిక గుండా కంటిపైకి పంపే సాధనాన్ని ప్రదర్శించాడు. అప్పటికి దీనికి వెలుగే ఉంది గాని చూపు లేదు. జైస్ సంస్థకు చెందిన సీగ్‌ఫ్రీడ్ చాప్‌స్కీ అంతకుముందే రూపొందించిన, రెండు కళ్లతో చూడదగిన సూక్ష్మదర్శినిని అదే సంస్థలోని ఒట్టో హెంకర్ 1916లో దీనికి జతచేశాక ఆ లోటు తీరింది. స్విస్ ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ ఫోగ్ట్ ఇది చూపిన దృశ్యాలను 1921లో చిత్రసంపుటిగా వెలువరించగా, 1930లలో హాన్స్ గోల్డ్‌మన్ దీపాన్నీ సూక్ష్మదర్శినినీ ఒకే ఇరుసుపై తిరిగేలా అమర్చడంతో యంత్రానికి ఇప్పటి రూపం వచ్చింది.

కార్నియా అంటే నల్లగుడ్డుకు ముందు ఉండే పారదర్శకమైన పొర. తెలుగు పాఠ్యగ్రంథాల్లో దీన్నే శుక్లపటలం అంటారు. మధ్యలో అర మిల్లీమీటరుకు కొద్దిగా మించిన మందమే ఉన్న ఈ పొరలో రక్తనాళాలు ఉండవు, కాని కంటికి ఉన్న వక్రీభవన శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు దీనిదే. ఇంత తేటైన పొరపై ఎదురుగా ఎంత వెలుగు పోసినా అది దాటిపోతుందే తప్ప లోపలి నిర్మాణాన్ని చూపదు. అదే వెలుగును సన్నగా చేసి వాలుగా పంపితే, పెంకుటింటి కప్పు సందులోంచి దూరిన ఎండలో ధూళి కనిపించినట్లు, కార్నియా మందమంతా నిలువు కోతగా బయటపడుతుంది. అందులో పైన ఉండేది ఎపిథీలియం అనే కణాల పొర, దాని కింద బౌమన్ పొర, మందంలో పదింట తొమ్మిది వంతులు ఆక్రమించే స్ట్రోమా, ఆ వెనుక డెసిమెట్ పొర, చివరగా నీటిని బయటికి తోడుతూ కార్నియాను తేటగా ఉంచే ఎండోథీలియం. మచ్చ ఏ పొరలో ఉందో, ఎంత లోతుకు దిగిందో చెప్పడమే ఈ యంత్రానికి వచ్చిన అసలు విద్య.

పైపొర గాయాలను చూపడానికి దీనికి ఒక రంగు తోడుండాలి. 1871లో ఆడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఫ్లోరెసిన్‌ను కంటికి తాకించి, దీపానికి నీలి వడపోత అడ్డుపెడితే, ఎపిథీలియం ఊడిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు కొమ్మలుగా చీలి, కొసలు ఉబ్బి ఉంటే అది హెర్పిస్ వైరస్ పుండు అని అనుమానించాలి. ఈ వైరస్ కార్నియా స్పర్శను తగ్గిస్తుంది గనుక, మత్తు చుక్కలు వేయకముందే దూది పోగుతో తాకి చూస్తారు. ఈ పుండుకు ఎసైక్లోవిర్ వంటి మందు వాడతారు. పైపొర పుండుకు స్టెరాయిడ్ చుక్కలు వేస్తే వైరస్ మరింత విస్తరిస్తుంది.

తెలుగు నేలపై ఈ యంత్రం ముందుకు తరచుగా వచ్చేవారు పొలం పనులు చేసేవారు. వరి ఆకు గీసుకున్నా, నూర్పిడిలో పొట్టు పడినా, ఆ చిన్న గాయం గుండా ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు స్ట్రోమాలోకి దిగుతాయి. పుండు అంచులు పోగులుగా చీలి ఉండటం, పక్కనే విడివిడి చుక్కలు తేలడం, కార్నియా వెనుక గదిలో అడుగున చీము పేరుకోవడం ఈ యంత్రానికి కనిపించే గుర్తులు. అయితే అవి అనుమానానికి ఆధారాలే గాని రుజువులు కావు. బాక్టీరియా, ఆకాంథమీబా పుండ్లు కూడా ఇలాంటి వేషాలు వేయగలవు. అందుకే ఇదే వెలుగులో పుండును సున్నితంగా గీకి, ఆ తునకలను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోనూ గ్రామ్ రంగుతోనూ సూక్ష్మదర్శిని కింద చూసి, మిగిలిన భాగాన్ని కల్చర్‌కు పంపుతారు. బూజు అని తేలితే 5 శాతం నాటామైసిన్ చుక్కలను మొదట గంటగంటకూ వేస్తారు. ప్రధానంగా మదురై కేంద్రంగా ఉన్న అరవింద్ ఆసుపత్రుల్లో జరిగి 2013లో ప్రచురితమైన పరిశోధన, ఈ మందు ముఖ్యంగా ఫ్యుసేరియంపై వోరికొనజోల్ చుక్కల కన్నా మేలని చూపింది.

ఈ యంత్రం తన వల్ల కలిగే ప్రమాదాన్నీ దాచదు. కండ్లకలకకు తరచుగా కారణమయ్యే ఎడినోవైరస్ గడ్డం పలక మీదా, కంటి ఒత్తిడి కొలిచే ప్రిజం కొస మీదా నిలిచి తరువాతి రోగికి సోకగలదు కాబట్టి, ప్రతి పరీక్ష తరువాత వాటిని శుభ్రం చేయడం వైద్యంలో భాగమే.

చికిత్స కూడా వ్యాధి దిగిన లోతును బట్టే మారుతుంది. కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్‌లో డెసిమెట్ పొర దగ్గర కనిపించే నిలువు గీతలకు ఫోగ్ట్ పేరే ఉంది. ఆ జబ్బు ముదరకుండా రైబోఫ్లావిన్ వేసి అతినీలలోహిత కాంతితో స్ట్రోమాను గట్టిపరుస్తారు. ఎడ్వర్డ్ జిర్మ్ 1905లో తొలిసారి విజయవంతంగా కార్నియా మార్పిడి చేసినప్పుడు ఈ యంత్రం ఇంకా పుట్టలేదు, మార్చింది పూర్తి మందాన్ని. నేడు ఎండోథీలియం ఒక్కటే దెబ్బతింటే ఆ పొరనే మార్చగలుగుతున్నారు, కొత్త పొరను శరీరం తిరస్కరిస్తున్నదేమో ఇదే వెలుగులో గమనిస్తారు.

పైపొర వరకే ఉన్న గీత సాధారణంగా కొద్ది రోజుల్లో మచ్చ లేకుండా మానుతుంది. బౌమన్ పొరను దాటిన పుండు మానినా జనం కంటిలో పువ్వు అని పిలిచే తెల్లమచ్చను మిగులుస్తుంది. ఈ రెంటి మధ్య దూరం మిల్లీమీటరులో పదోవంతు కూడా లేదు గాని, నందివర్ధనం పూలతోనో, మందుల దుకాణంలో అడిగి కొన్న స్టెరాయిడ్ చుక్కలతోనో గడిచిన రోజులు ఆ దూరాన్ని దాటిస్తాయి. అందువల్ల పెద్ద ఆసుపత్రిలోని ఖరీదైన స్లిట్ ల్యాంప్ కన్నా, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల్లో నెలకొల్పిన విజన్ సెంటర్ల వంటి చోట, స్థానికంగా శిక్షణ పొందిన టెక్నీషియన్ చేతిలో ఉన్న సాదా స్లిట్ ల్యాంపే పొలంలో గాయపడిన రైతు కంటికి ఎక్కువ మేలు చేయగలదు.