ముద్దాయి 'జ్ఞా'

2018 ఫిబ్రవరిలో ప్రపంచ పత్రికలన్నీ ఒక్కపెట్టున తెలుగు పేరెత్తాయి. త్యాగయ్య కోసమో పోతన కోసమో కాదు, ఐఫోన్‌ను పడగొట్టే 'తెలుగు అక్షరం' దొరికిందని. ఉక్కు కొలువుల వెంట భిలాయి వచ్చి, పక్కనున్న ఉతై దాకా సర్దుకుని, హిందీ బోర్డుల నడుమ పిల్లల చేత గుణింతాలు దిద్దించే మనవాళ్లకు ఇంతకన్నా గౌరవం ఏం కావాలి! దిద్దిస్తున్నది మారణాయుధమని అప్పటిదాకా తెలియకపోయె.

నేరం వివరాలివి. ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్ 11.2.5లో జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం వరసగా వస్తే యాప్ కూలేది. ఆ కనబడని గుర్తుకు తెలుగులో అసలు పని రాజ్‌కుమార్‌లో జ, క కలిసిపోకుండా చూడటం. జ్ఞానం అని మామూలుగా టైపు చేసేవాళ్లెవరూ దాన్ని మధ్యలో దూర్చరు. అంటే రోజూ మనం రాసే 'జ్ఞా' ఏ పాపం ఎరగదు.

కూలింది కోర్‌టెక్స్ట్. ఆపిల్ సరుకంతటికీ అక్షరాలు గీసిపెట్టే ఉమ్మడి లైబ్రరీ అది. మెసేజ్‌లైనా, వాట్సాపైనా, చేతి గడియారమైనా దాని గుమ్మం తొక్కాల్సిందే. అంతమంది ఆధారపడ్డ పెద్దమనిషి, తనకు కొరుకుడుపడని కూర్పు ఎదురైతే ఏం చేయాలి? ఒక ఖాళీ డబ్బా గీసి ముందుకు పోవాలి. లేదా 'ఇది నావల్ల కాదు' అని పిలిచిన ప్రోగ్రాముకు ఎర్రర్ తిప్పి పంపాలి. ఈయన తను పడుతూ పిలిచినవాణ్ణీ ఈడ్చుకుపోయాడు. ఆ కూర్పు నోటిఫికేషన్‌లో వస్తే హోం స్క్రీన్ నడిపే స్ప్రింగ్‌బోర్డే కుప్పకూలేది.

భిలాయి కర్మాగారంలో ఒక రైలు పట్టా పరీక్షలో తప్పితే ఆ పట్టాను పక్కకు లాగేస్తారు. బ్లాస్ట్ ఫర్నేస్ చల్లార్చి, తప్పంతా మీ ఖనిజానిదేనని దల్లీ రాజహరా గనులకు నోటీసు పంపరు.

ఇక్కడ నోటీసు ఖనిజానికే వెళ్లింది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేస్తూ, దురుద్దేశంతో కూర్చిన అక్షరాల వల్ల మెమరీ పాడయ్యే ప్రమాదముందని ఆపిల్ రాసింది. అలాంటి ప్రకటనల్లో అది అచ్చుపోసిన మాటేలెండి. అయినా, ఇన్‌పుట్ సరిచూసుకోని లైబ్రరీ అమాయకం, అయిదు సంకేతాలది దురుద్దేశమూనా! ఇదే తరహా కూర్పుతో బెంగాలీ, దేవనాగరి కూడా ఆ లైబ్రరీని పడగొట్టగలవని తర్వాత తేలింది. పేరు మాత్రం 'తెలుగు బగ్' గానే నిలిచింది. అంతకు ముందు 2015లో అరబిక్ అక్షరాలున్న మెసేజ్ మీద, ఆ తర్వాత 2020లో ఇటలీ జెండా పక్కన చేరిన సింధీ మీద ఇదే అభియోగం. బోనెక్కేవాళ్లు మారుతుంటారు. కుర్చీలో జడ్జీగా కూర్చునేది మాత్రం కూలిపోయినవాడే.

మనవాళ్లేమన్నా తక్కువ తిన్నారా? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా డీటీపీ కొట్లో యూనికోడ్ కాని అనూ ఫాంటుతో కూర్చిన శుభలేఖను, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి. వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం అన్నీ ఒకే రకం పిచ్చి గీతలు. ఫోన్ చేసి మొత్తుకుంటే అవతల నుంచి చల్లని జవాబు: "మా సిస్టమ్‌లో బాగానే ఉందండీ."

ఆపిల్ వారి కుపర్టినో నుంచి ఉతై దాకా ప్రతి ప్లాట్‌ఫాం మీదా పొల్లు పోకుండా నడిచే ముక్క ఇప్పటికి అదొక్కటే.