ఏం గాదన్నా!

తెలుగువాడికి భయం వేస్తే మాట రాదు, చుట్టాలొస్తారు. కుక్క వెంటపడితే 'అమ్మో' అంటాం. కాస్త పెద్ద కుక్కయితే 'ఓరి నాయనో'. కుక్కతో పాటు దాని యజమాని కూడా మీదికొస్తే 'అమ్మ బాబోయ్' అని ఇద్దర్నీ ఒకేసారి కేకేస్తాం. హైదరాబాద్‌లో అబిడ్స్ జీపీఓ దగ్గర రోడ్డు దాటే జనాన్ని కాసేపు గమనించండి. బస్సు దూసుకొస్తే తెలుగమ్మాయి 'అమ్మో' అని వెనక్కి గెంతుతుంది. పక్కనున్న పెద్దమనిషి 'అరె బాప్ రే' అని వాళ్ల నాన్నను తలుచుకుంటాడు. ఇంగ్లీషు మీడియం కుర్రాడు ఏకంగా దేవుణ్నే పిలుస్తాడు. ముగ్గురిలో ఎవరూ రారు. బస్సు మాత్రం వస్తుంది.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చిన శవం ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. సుమారు 2,500 ఏళ్ల నాటిదని చెబుతారు. దాన్ని చూసి జడుసుకున్న పిల్లాడొకడు 'మమ్మీ!' అని గావుకేక పెడితే, వెనక నిలబడ్డ ముసలాయన 'అవును నాయనా, అదే' అని వాడి జ్ఞానాన్ని మెచ్చుకున్నాడు.

చుట్టాలను పిలవడం అయ్యాక మాటలకు దిగుతాం. వాటికీ కరువు లేదు. బుగులు, బెదురు, జడుపు, గుబులు ఇంటి సరుకు. పరేషాన్, హైరానా, బేజారు ఉర్దూ నుంచి వచ్చి ఇంట్లోనే మకాం పెట్టేశాయి. చిక్కల్లా వాడకంలోనే ఉంది. ఇంత సరుకునూ చిల్లర ఖర్చులకే ఊదేస్తాం. పండగ ముందు అబిడ్స్‌లో బండి ఆపుకోవడానికి జాగా దొరక్కపోతే 'చుక్కలు కనిపించాయి' అంటాం. పట్టపగలు చుక్కలు చూపించడానికి దగ్గర్లోనే నౌబత్ పహాడ్ మీద 1985 నుంచీ బిర్లా ప్లానెటేరియం ఉంది. కాకపోతే అక్కడ టికెట్టు కొనాలి. పెళ్లిబట్టలు కొనడానికి వెళ్లొచ్చిన మా బావమరిది 'పానం వోయింది బావా' అంటూ కూలబడ్డాడు. విచారిస్తే, పోయింది క్రెడిట్ కార్డు ప్రాణం.

అన్నిటికన్నా జాలిపడాల్సిన మాట 'గత్తర'. తెలంగాణలో గత్తరంటే కలరా. ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిన జబ్బు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి పుట్టుక గురించి చెప్పుకునే కథలో ఉన్నది 1813 నాటి ఈ జబ్బే. అలాంటి మాటను మొన్న నాంపల్లి స్టేషన్ బయట ఒకాయన ఫోన్లో వాడుతున్నాడు: 'ఈడ గత్తర గత్తరున్నదిరా, పెట్టె చక్రం ఊడింది.' ఊళ్లను ఊడ్చిన మాట, చివరికి పెట్టెలు ఈడ్చుకుని బతుకుతోంది.

ఇంకొన్ని మాటలకు ప్రమోషన్ దొరికింది. మన ఆలంకారికులు భయానకాన్నీ బీభత్సాన్నీ వేర్వేరు రసాలుగా పెట్టారు. మొదటిదానికి స్థాయీభావం భయం, రెండోదానికి జుగుప్స. ఇప్పుడు మొదటాట చూసొచ్చిన కుర్రాడు 'బీభత్సం అంకుల్!' అంటాడు. అయ్యో, డబ్బులు దండగయ్యాయా అని మా మామయ్య ఓదార్చబోతే, 'లేదంకుల్, ఇంటర్వెల్ అయితే అరాచకం, విధ్వంసం' అని వాడు మురిసిపోయాడు. సినిమా బాగుందని అర్థమట.

మరి నిజంగా భయపడాల్సిన చోట ఏమంటారు? చిత్రం, అక్కడ పెద్ద మాట ఒక్కటీ వినపడదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతున్న నుమాయిష్‌లో 'మౌత్ కా కువా' చూశాను. చెక్క పలకలతో కట్టిన బావి. మనం పైఅంచున నిలబడి లోపలికి తొంగిచూస్తాం. మోటార్ సైకిల్ గోడెక్కి గిరగిరా తిరుగుతుంటే పలకలు దడదడలాడతాయి. ఆ దడ కాళ్లలోంచి పాకి మన పళ్లదాకా వస్తుంది. నడిపేవాడు రెండు చేతులూ వదిలేసి పైకొచ్చి, నా చేతిలోని పది రూపాయల నోటు లాక్కుని కిందికి దిగిపోయాడు. ఆట అయ్యాక 'డర్ నై లగ్తా?' అనడిగాను. 'కుచ్ నై హోతా భయ్యా' అని నవ్వి, మోచెయ్యి బరబరా గోక్కుంటూ, 'యే మచ్చర్లు జాన్ లే లేరే' అన్నాడు. మృత్యుబావిలో ప్రాణాలు తీస్తున్నవి దోమలన్నమాట!

పళ్ల డాక్టరు దగ్గరా ఇదే వరస. సూది పైకెత్తి, 'చీమ కుట్టినట్టుంటుంది, అంతే' అంటాడు. ఆ చీమ ఏ అడవిలోదో చెప్పడు. నాంపల్లి కోర్టు బయట టీ బండి దగ్గర ఒక వకీలు తన క్లయింటుకు ధైర్యం చెబుతున్నాడు: 'చిన్న కేసే. ఏం గాదన్నా.' అంతవరకు నిమ్మళంగా టీ తాగుతున్న మనిషి ఆ మాటతో గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

న్యాయం చూస్తే క్లయింటు పక్షానే ఉంది. పెద్ద మాట గండం గడిచాక వచ్చేది. 'సచ్చిపోయిన' అన్నవాడు బతికున్నాడని వేరే సాక్ష్యం అక్కర్లేదు. గండం ఎదురుగా నిలబడ్డప్పుడు వచ్చేవి 'చిన్న', 'జర', 'ఏం గాదు'.

కాబట్టి ఈ ఊరికి కొత్తగా వచ్చేవాళ్లకు నాలుగు ముక్కలు. అబిడ్స్‌లో ఎవరైనా 'సచ్చిపోయిన' అంటే ఇరానీ చాయ్ ఇప్పించండి, గంటసేపు కాలక్షేపం. 'గత్తరైంది' అంటే పెట్టెకో చెయ్యి వేయండి. 'బీభత్సం' అంటే మీరూ ఒక టికెట్టు కొనుక్కోండి. ఎవరైనా చిరునవ్వుతో కుర్చీ ముందుకు జరిపి 'ఏం గాదన్నా, జర కూసో' అన్నారా, కూర్చునేముందు తలుపు ఎటుందో చూసుకోండి.