ఆయిల్ మార్చని వ్రతం

అమెరికాలో పాత కార్ల ఆసాములు కొందరు నిష్ఠగా పాటించే వ్రతం ఒకటుంది. దానికి ఉపవాసం అక్కర్లేదు, పురోహితుడితోనూ పనిలేదు. 1960ల నాటి షెవర్లే ఇంపాలానో, ఫోర్డ్ మస్టాంగో, డాడ్జ్ డార్టో కొనుక్కోవాలి. దాని ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఉన్న ఆయిల్ జోలికి మాత్రం జన్మలో పోకూడదు. నియమం అంతే. ఏ అమాయకుడైనా 'ఒకసారి మారిస్తే పోలా' అన్నాడా, వెంటనే వ్రతకథ మొదలవుతుంది. ఫలానా ఊళ్లో ఫలానా పెద్దమనిషి బుద్ధి గడ్డితిని కొత్త ఆయిల్ పోయించాడు. నెల తిరక్కుండా గేర్‌బాక్సు చేతికొచ్చింది. కనుక నల్ల ఆయిలే రక్ష.

ఈ కథలో మొదటి అధ్యాయం ఎప్పుడూ ఎగిరిపోతుంది. ఆ పెద్దమనిషికి ఉన్నట్టుండి ఆయిల్ మార్చాలన్న కోరిక ఎందుకు పుట్టింది? గేరు అప్పటికే జారుతోంది గనుక. ఆయిల్ నల్లబడి మాడు వాసన కొడుతోంది గనుక. అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. మన వ్రతస్థులేమో చేతులు కాలింది ఆ ఆకుల వల్లేనని తీర్పు చెబుతున్నారు.

దీనికి ఒక శాస్త్రం కూడా తయారు చేసుకున్నారు. క్లచ్ ప్లేట్ల నుంచి అరిగిన పొడి ఆయిల్లో తేలుతూ ఉంటుందట, ఆ పొడే ప్లేట్లకు పట్టునిస్తుందట, అది కాస్తా పారబోస్తే పట్టు పోతుందట. ప్లేట్ల మీద ఉండాల్సిన సరుకు ఆయిల్లోకి వచ్చేసిందని వారే ఒప్పుకున్నాక ఇక వాదనేముంది! పైగా ఆ పొడి ఊరికే తేలదు. ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో చేరి వాల్వులను బిగదీస్తుంది. ప్రెషర్ తగ్గుతుంది, ప్లేట్లు ఇంకా జారుతాయి, ఇంకా పొడి పుడుతుంది.

1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో జనరల్ మోటార్స్ వారి హైడ్రమాటిక్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచీ ఈ గేర్‌బాక్సుల్లో సగం ప్రాణం ఆయిలే. ఇంజన్ బలాన్ని చక్రాల వైపు మోసేది అదే, క్లచ్‌లను నొక్కిపట్టేది అదే, వేడిని మోసుకెళ్లి రేడియేటర్లోని కూలర్‌కు అప్పజెప్పేదీ అదే. ఈ రంగంలో చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది: ఆయిల్ వేడి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగమవుతుంది. 115 డిగ్రీలు దాటితే లోపల వార్నిష్ పూత మొదలవుతుంది. అరిజోనా ఎండలో, మూసుకుపోయిన రేడియేటర్‌తో, ఎప్పుడు పోశారో తెలియని ఆయిల్‌తో వ్రతం చేస్తున్నవారి భక్తికి దణ్ణం పెట్టాల్సిందే.

'పాత కారుకు పాత ఆయిలే పడుతుంది' అనేవారికి ఆ పాత ఆయిల్ పుట్టుక చెబితే కళ్లు తేలేస్తారు. ఒకప్పటి ఆటోమేటిక్ ఆయిల్లో క్లచ్‌లు కుదుపు లేకుండా పట్టుకోవడానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. కంపెనీలు దానికి బదులు వెతుక్కోక తప్పలేదు. ఆయిల్లో పాతదనమే మహత్తు అనుకుంటే, ఇక తిమింగలాల వేటకే బయల్దేరాలి. నిజంగా చూసుకోవాల్సింది రకం. ఆనాటి ఫోర్డ్ సీ4, సీ6 గేర్‌బాక్సులు టైప్ ఎఫ్ కోరతాయి, జనరల్ మోటార్స్ వారివి డెక్స్రాన్ కోరతాయి. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి పోసేవారికి లోటు లేదు.

ఇక వ్యాక్యూమ్ మాడ్యులేటర్ లీల వేరు. ఫోర్డ్ సీ4, షెవర్లే టర్బో 350 లాంటి వాటికి ఇంజన్ నుంచి ఒక సన్నటి గొట్టం వస్తుంది. అది చేరేది గేర్‌బాక్సుకు బిగించిన ఓ చిన్న డబ్బాకు, అదే మాడ్యులేటర్. అందులోని రబ్బరు పొర చిరిగితే ఇంజన్ ఆ గొట్టంలోంచి గేర్ ఆయిల్‌ను పీల్చి తాగేస్తుంది. వెనక తెల్లటి పొగ. కింద చుక్క కారదు, ఆయిల్ మాత్రం తరిగిపోతుంటుంది. పొగ చూసిన నిపుణుడు 'ఇంజన్ రింగులు పోయాయి' అంటాడు, ఆసామి ఇంజన్ విప్పిస్తాడు, బిల్లు కడతాడు. కొత్త రింగులతో ఇంజన్ మళ్లీ అదే తెల్ల పొగ వదులుతుంది. గొట్టం ఊడదీసి లోపల ఎర్రటి తడి ఉందేమో చూడటానికి రెండు నిమిషాలు చాలు. కానీ రెండు నిమిషాల పనికి బిల్లు ఎవరు రాస్తారు?

కారు ఆగిపోతే తాడు కట్టి లాగించడం ఈ వ్రతానికి ఉద్యాపన. లోపలి పంపును తిప్పేది ఇంజన్. అది ఆగితే పంపూ ఆగుతుంది, వెనక చక్రాలు మాత్రం గేర్‌బాక్సు వెనక భాగాన్ని ఆయిల్ అందకుండానే తిప్పుతూ ఉంటాయి. పాతకాలపు కొన్నింటిలో వెనక రెండో పంపు ఉండేది. క్రైస్లర్ 1966 మోడళ్ల నాటికి దాన్ని ఎత్తేసింది. అందుకే వెనక చక్రాలు పైకెత్తాలి, లేదా డ్రైవ్ షాఫ్ట్ విప్పాలి. ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపి, న్యూట్రల్ కొట్టి పెట్రోలు మిగిల్చే విద్య మన తెలుగువారికీ బాగా తెలుసు. అంబాసిడర్‌లోనే అది బ్రేకుల ప్రాణం తీసేది. అమెరికా వెళ్లి పాత కారు ముచ్చట తీర్చుకునేవారు ఆ విద్యను విమానం ఎక్కకముందే వదిలేయడం మంచిది.

అన్నీ అయ్యాక సీసా మందు వస్తుంది. పోస్తే జారుడు మాయమట! గట్టిపడిన రబ్బరు సీళ్లను అది కాస్త ఉబ్బించగలదు, కొన్నాళ్లు కారడం తగ్గొచ్చు. అరిగిపోయిన ప్లేటు మీద కొత్త పొరను మొలిపించే మందు మాత్రం ఏ సీసాలోనూ లేదు.

డిప్‌స్టిక్ చూడటం మాత్రం ఉచితం. చాలా కార్లలో కారు వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. గేరు పార్క్‌లో ఉండాలి, క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ అయితే న్యూట్రల్‌లో. చలికాలమంతా షెడ్డులో పడుకున్న కారుకు స్టార్ట్ చేయకుండా డిప్‌స్టిక్ తీస్తే, ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ నడుమ ఉండే టార్క్ కన్వర్టర్లోంచి దిగిన ఆయిల్ కలిసి మట్టం ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి రెండు లీటర్లు తీసి పారేసిన పుణ్యాత్ములూ ఉంటారు.

పాత కారు కొనబోతున్నవారికి ఒక్క మాట. అమ్మేవాడు 'ఇన్నేళ్లలో గేర్ ఆయిల్ ఒక్కసారి కూడా ముట్టుకోలేదండీ' అని గర్వంగా చెబితే, రీబిల్డ్‌కు ఎంతవుతుందో కనుక్కుని ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించి బేరం మొదలుపెట్టండి.