కువైట్ షేరు మామ

కువైట్ షేరు మామ బనగానపల్లె, అవుకు, కోవెలకుంట్ల వైపు అక్కడక్కడ తగిలే మనిషి. కువైట్‌లో పన్నెండు పదిహేనేళ్లు పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు అందరిలాగే బంగారం, కంబళ్లు, అత్తరు సీసాలు తెచ్చుకున్నవాడు. అవి చాలవన్నట్టు అక్కడి స్టాక్ ఎక్స్ఛేంజీ అయిన బోర్సాలో కొన్ని షేర్లు కూడా మిగుల్చుకొచ్చినవాడు. ఊళ్లో అతనికి రెండెకరాల బేనిషాన్ మామిడి తోట ఉండొచ్చు, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో వాటా ఉండొచ్చు. వాటి ఊసెత్తడు. పెళ్లి పందిట్లో కొత్తవాళ్లెవరైనా "ఏం చేస్తాంటారు?" అని అడిగితే "కువైట్ బోర్సాలో కొద్దిగా ఉండాది" అంటాడు. ఎంత ఉందన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు రాదు.

వయసు యాభై దాటి ఉంటుంది. పిల్లనిచ్చినా ఇవ్వకున్నా ఊరంతా మామా అనే పిలుస్తుంది. జేబులో రెండు ఫోన్లుంటాయి. ఒకటి మాట్లాడటానికి, రెండోది బోర్సాకు. రెండో దాని అద్దం పగిలి చాలా కాలమై ఉంటుంది. అయినా మార్చడు, అందులోని కువైట్ సిమ్ముకు ఓటీపీ రావడం ఆగిపోతుందేమోనని భయం.

రాయలసీమ నుంచి కువైట్‌కు వలస 1970ల నుంచీ ఉంది. కడప జిల్లావాళ్లు ముందు దారి వేశారు, కర్నూలు జిల్లావాళ్లు వెనక నడిచారు. ఖాదిమ్ అనే ఇంటిపని వీసా మీద పోయి ఇళ్లల్లో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా కుదిరినవాళ్లే ఎక్కువ. షేరు మామ సాధారణంగా తనకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి డ్రైవరు. షేర్ల చదువు అతనికి దివానియా గడప దగ్గర అబ్బింది. దివానియా అంటే కువైటీల ఇళ్లల్లో మగవాళ్లు సాయంత్రాలు చేరే చావిడి. లోపల కఫీలూ అతని బావమరుదులూ ఏ కంపెనీ పైకి పోతుంది, ఏది మునుగుతుంది అని కేకలేసుకుంటుంటే, మామ బయట చెప్పుల వరస పక్కన కారు తాళాలు తిప్పుకుంటూ కూర్చునేవాడు. అరబ్బీ సగమే అర్థమయ్యేది. అంకెలు మాత్రం ఒక్కటీ వదలకుండా అర్థమయ్యేవి. 2000లో చట్టం మార్చి విదేశీయులను కువైట్ కంపెనీల షేర్లు కొననిచ్చారు. ఆ తర్వాత మామ సివిల్ ఐడీ కార్డు, బ్యాంకు ఖాతా పట్టుకుని బ్రోకరు దగ్గరికి పోయాడు. క్లియరింగ్ కంపెనీ అతనికో నంబరు ఇచ్చింది. ఆ నంబరు ఇప్పటికీ కంఠతా వచ్చు. పెళ్లి రోజు తేదీ మాత్రం ఇంటామెను అడిగి చెప్తాడు.

బోర్సా కువైట్ చిన్న బజారు. మన బొంబాయి ఎక్స్ఛేంజీలో 5,000కు పైగా కంపెనీలుంటే అక్కడ 150 లోపే. విలువలో పెద్ద వాటా నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్, కువైట్ ఫైనాన్స్ హౌస్ అనే రెండు బ్యాంకులదే. చిల్లర కంపెనీల్లో కొన్ని రోజులు బేరమే జరగదు. ధరలు ఫిల్సుల్లో చెప్తారు. వెయ్యి ఫిల్సులు ఒక దినార్, షేరు ముఖవిలువ మామూలుగా నూరు ఫిల్సులు. దినార్ 270 రూపాయలుంటే ఒక ఫిల్సు మన 27 పైసలు. మామ ఈ లెక్క ఎవరికీ విప్పి చెప్పడు. టీ అంగడి దగ్గర ఈ విషయం రోజూ తేలుతుంది.

"మామా, ఈపొద్దు ఎంత పెరిగింది?"

"రెండు ఫిల్సులు."

"అంటే మన దుడ్లలో ఎంతబ్బా?"

"దినార్ల సంగతి నీకర్థం కాదులే, టీ తాగు."

చేతిలో ఉన్నవి రెండు వేల షేర్లనుకుంటే ఆ రెండు ఫిల్సులకు నాలుగు దినార్లు, అంటే వెయ్యి పైచిలుకు రూపాయలు. అది చిన్న లాభమేమీ కాదు. కానీ రూపాయల్లోకి మార్చిన క్షణాన అది నాలుగు గంపల టమోటా అమ్మినవాడి లాభంతో సమానమైపోతుంది. మామకు ఇష్టం లేనిది అదే.

అతని వారం కూడా ఊరివాళ్ల వారం కాదు. బోర్సా ఆదివారం నుంచి గురువారం దాకా నడుస్తుంది, శుక్ర శనివారాలు సెలవు. అక్కడ తొమ్మిదికి తెరిస్తే ఇక్కడ పదకొండున్నర. శుక్రవారం నాడు ఫోన్లలో నిఫ్టీ ఆప్షన్లు ఆడే కుర్రాళ్లు చెమటలు కక్కుతుంటే షేరు మామ తీరిగ్గా యాగంటి పోయొస్తాడు. ఆదివారం వాళ్లంతా ఖాళీ, ఇతనొక్కడికే బజారు. మటన్ అంగడి ముందు వరసలో నిలబడి సరిగ్గా పదకొండున్నరకు పగిలిన ఫోన్ తీస్తాడు. ముందున్నవాడు జరిగినా ఇతను జరగడు. "ఏం మామా, తొడ మాంసమా?" అని కసాయి రెండుసార్లు అడగాలి. "ఒక్క నిమిషం, బజారు తెరుస్తాండారు" అంటాడు. వెనకున్న పదిమందికీ వినపడాలనే అంటాడు.

షేరు మామ విద్వత్తులో ప్రధాన భాగం సూక్ అల్ మనాఖ్ కథ. ఈ కథ నిజమైనది, పైగా వినదగ్గది కూడా. 1977లో కువైట్ షేర్లు పడిపోతే ప్రభుత్వం కలగజేసుకుని ఆదుకుంది, కొత్త కంపెనీల మీద ఆంక్షలు బిగించింది. దాంతో బహ్రెయిన్‌లో, ఎమిరేట్స్‌లో రిజిస్టరైన కంపెనీల షేర్ల కోసం ఇంకో బజారు, అధికారిక గుర్తింపు లేకుండానే, ఎయిర్ కండిషన్ పార్కింగ్ భవనం ఒకదాన్లో వెలసింది, అదే సూక్ అల్ మనాఖ్. అక్కడ కొనడానికి డబ్బు అక్కర్లేదు. ముందు తేదీ వేసిన చెక్కు రాసిస్తే చాలు. ఆ తేదీ వచ్చేలోగా షేరు పెరుగుతుంది, అమ్మి చెక్కు తీర్చొచ్చు అని అందరి నమ్మకం. పూత చూసి తోట గుత్తకు పట్టి, కాయ దిగకముందే దాన్ని ఇంకొకడికి, వాడు మరొకడికి అమ్ముతూ పోవడం బనగానపల్లెకు తెలిసిన పనే గనక ఊరివాళ్లకు ఈ భాగం వెంటనే ఎక్కుతుంది. ఆ బజారు తారస్థాయిలో ఉన్నప్పుడు కువైట్ షేర్ల మొత్తం విలువ అమెరికా, జపాన్ల తర్వాత ప్రపంచంలో మూడోదని చెప్పుకున్నారు.

కూలడానికి కారణం చట్టంలోనే ఉంది. చెక్కు మీద ఏ తేదీ ఉన్నా, బ్యాంకులో చూపించిన రోజునే డబ్బు అడగొచ్చు. 1982 ఆగస్టులో అలాగే అడగడం మొదలైంది. తీరా లెక్క తీస్తే దాదాపు 29,000 చెక్కులు, 9,400 కోట్ల డాలర్లు. పాస్‌పోర్టు ఆఫీసులో పనిచేసిన ఓ యువకుడు ఒక్కడే వెయ్యి కోట్ల డాలర్లకు పైగా చెక్కులు రాశాడు. ఆ చిక్కు విప్పే పని అదే ఏడాది పుట్టిన కువైట్ క్లియరింగ్ కంపెనీ మీద పడింది. మామకు నంబరిచ్చింది ఈ కంపెనీయే.

మామ ఈ కథను తాను ఆ పార్కింగ్ భవనంలో నిలబడి చూసినట్టు చెప్తాడు. 1982లో అతను హైస్కూలు దాటలేదని వినేవాళ్లందరికీ తెలుసు. అయినా అడ్డుపడరు. సంస్థానం డబ్బు వ్యవహారాలు చెడి దాని పాలన 1832 నుంచి 1848 దాకా మద్రాసు దొరల చేతికి పోయిన నవాబుల ఊరు బనగానపల్లె. ఇతరుల బాకీల కథంటే అక్కడ ఎప్పుడూ చెవులిస్తారు.

అతని రెండో కథ రూపాయిది. 1961 ఏప్రిల్ 1న దినార్ వచ్చేదాకా కువైట్‌లో చెల్లింది మన రిజర్వు బ్యాంకు అచ్చేసిన రూపాయే. మారకం నాడు పదమూడు రూపాయల మీద మూడో వంతుకు ఒక దినార్ ఇచ్చారు. మూడోది ఎయిర్‌టెల్ కథ. 2010లో ఎయిర్‌టెల్ కంపెనీ, కువైట్‌కు చెందిన జైన్ కంపెనీ ఆఫ్రికా వ్యాపారాన్ని 1,070 కోట్ల డాలర్లకు కొన్నది. మామకు జైన్‌లో షేర్లుంటే ఆ బేరానికి మధ్యవర్తి తానే అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఊళ్లో ఎయిర్‌టెల్ సిగ్నల్ పోయిన రోజు జనం ఇతన్నే నిలదీస్తారు.

చట్టం వైపు నుంచి అతనికి ఇబ్బంది లేదు. విదేశంలో ఉన్నప్పుడు సంపాదించుకున్న షేర్లను తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చని 1999 నాటి విదేశీ మారక చట్టం ఫెమా ఆరో సెక్షను చెప్తుంది. కొత్తగా కొనాలన్నా రిజర్వు బ్యాంకు పథకం కింద ఏటా రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. ఈ పరిమితి వినగానే మామ ముఖం వెలుగుతుంది, అంత డబ్బు తన దగ్గర ఉన్నందుకే ప్రభుత్వం గీత గీసినట్టు.

చిక్కంతా ఆదాయపు పన్ను దగ్గరే. కువైట్‌లో వ్యక్తుల ఆదాయం మీద పన్ను లేదు, మనకుంది. విదేశీ ఆస్తులను రిటర్నులో ఎఫ్‌ఏ అనే షెడ్యూలులో, ఆర్థిక సంవత్సరం లెక్కన కాకుండా డిసెంబరు 31తో ముగిసే ఏడాది లెక్కన, గరిష్ఠ విలువతో సహా చూపాలి. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా. నంద్యాల ఆడిటరు ఏటా ఈ పని చేసి తీసుకునే ఫీజు చాలా ఏళ్లు మామ డివిడెండును మించిపోతుంది. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు 20 లక్షల లోపుంటే ఆ జరిమానా లేకుండా చేశారు. ఆడిటరు ఈ శుభవార్త చెప్పినప్పుడు మామ సంతోషించకపోగా చిన్నబుచ్చుకుంటాడు. "అంటే మనల్ని లెక్కలోంచి తీసేసినట్టే గదా సార్!"

ఇక లాభం మాట. ఇది అతను ఎన్నడూ వేయని లెక్క. 2010లో దినార్ సుమారు 160 రూపాయలు, 2024లో 270 పైన. 500 ఫిల్సులకు కొన్న షేరు పద్నాలుగేళ్లు అదే 500 దగ్గర కదలకుండా ఉన్నా 80 రూపాయలది 135 అవుతుంది. మామ చెప్పుకునే లాభంలో ఎక్కువ భాగం ఇలాంటిదే. దినార్ నోట్లను బీరువాలో చీరల కింద పెట్టినా వచ్చేది. ఆ చీరలామెకు ఇంతకంటే సూటి లెక్కుంది. పది గ్రాముల బంగారం అప్పుడు పద్దెనిమిది, పంతొమ్మిది వేలు, 2024లో డెబ్బై వేలు దాటింది. "ఆ దుడ్లు నా చేతికిచ్చింటే నాలుగు జతల గాజులయ్యుండేవి" అంటుందామె. "గాజులకు ఓటుంటాదా? షేరుకు ఓటుండాది" అని మామ సమాధానం. కంపెనీ సర్వసభ్య సమావేశంలో ఓటన్న మాట. అది జరిగేది కువైట్‌లో.

ధర పెరిగినప్పుడు ఎందుకు అమ్మలేదని ఎవరైనా అడిగితే తాను దీర్ఘకాలిక మదుపరినంటాడు. అసలు కారణం వేరు. అకామా అనే నివాస అనుమతి రద్దయిన కొన్నాళ్లకు సివిల్ ఐడీ గడువు తీరింది. గడువు తీరిన కార్డుతో బ్యాంకు ఖాతా స్తంభించింది. డబ్బు పడే ఖాతా లేనివాడు షేరు అమ్మి ఏం చేస్తాడు? విదేశంలో ఉండే మదుపరిగా పత్రాలన్నీ మళ్లీ సమర్పిస్తే దారి ఉంది. ఆ పత్రాలను ఢిల్లీలో విదేశాంగ శాఖ, కువైట్ దౌత్య కార్యాలయం ధ్రువీకరించాలి, ఆపైన అరబ్బీ అనువాదం. మామ ఏటా మామిడి సీజను అయ్యాక ఢిల్లీ పోతానంటాడు. సీజను అయ్యాక వానలంటాడు.

అతని తర్వాత కొడుకులు ఆ షేర్లు తమ పేరున మార్పించుకోవాలంటే కోర్టు వారసత్వ పత్రంతో మొదలుపెట్టి ఆ మెట్లన్నీ ఎక్కాలి. ఖర్చు ఒక కాగితం మీద, షేర్ల విలువ ఇంకో కాగితం మీద వేసుకుని చూసి, అన్నదమ్ములు భాగాల్లో వాటిని ఒకరికొకరు ధారాళంగా వదిలేసుకుంటారు.